తూనీగ కూర్చుంటే గదా ఫొటో!

మనుషుల ఫొటోలు తీయటం ఎంత సుఖం! "కాస్త ఇటు తిరగండి, గడ్డం పైకెత్తండి, కళ్ళజోడు తీసెయ్యండి" అంటే విసుక్కుంటూనే వింటారు. చంటిపిల్లలు సైతం గిలక ఆడిస్తే ఒక్క క్షణం ఇటు చూస్తారు. తూనీగకు ఈ మర్యాదలేవీ తెలియవు. అది కూర్చున్నది గదా అని మీరు మోకాళ్ళ మీద వంగి, కెమేరా కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టేసరికి పుల్ల వుంటుంది, తూనీగ వుండదు. ఇంతలో ప్రహరీ గోడ మీంచి పక్కింటాయన తొంగిచూసి, "ఏవండీ, ఏదైనా పారేసుకున్నారా? వెతికి పెట్టమంటారా?" అంటాడు. ఈ రెంటికీ ఓర్చుకోగలిగిన వాళ్ళ కోసమే ఈ వారం కబుర్లు.

ఇంత శ్రమ పడి చూడవలసిన వింత తూనీగలో ఏమున్నదని మీరు అడగవచ్చు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే గదా! కాని ఒక్క మంచి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. రెక్కలో చిక్కటి వలలాగా అల్లుకున్న ఈనెలు, రెక్క కొసన సిరా చుక్క పెట్టినట్టు చిన్న మచ్చ, మొహాన నూగు వెంట్రుకలు, తలంతా తామే అయిన కళ్ళు. ఇన్నేళ్ళూ ఎగురుతూంటే చూశామేగాని దాని మొహం ఎల్లా వుంటుందో ఎన్నడూ చూడలేదని అప్పుడు తెలుస్తుంది.

అందులోనూ గోదావరి డెల్టా వాళ్ళకు ఈ వేడుక దొరికినంత సులువుగా మరొకరికి దొరకదు. తూనీగ నీటి బిడ్డ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఆనకట్ట స్థానంలో తరువాత బారేజి వచ్చింది గాని నీరు నడిచే దారి మాత్రం అదే. పెద్ద కాలువ చిన్న కాలువలై, చిన్న కాలువ పంటబోదెలై, బోదె చేలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మురుగు కాలువలో పడి సముద్రానికి చేరుతుంది. దారి పొడుగునా చెరువులు, కుంటలు, కొబ్బరి తోటల్లో గోతులు. తూనీగకు ఇంతకన్నా ఏం కావాలి? రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్ళే దారిలో కడియం, కడియపులంక నర్సరీలు వున్నాయి. వేళకు నీళ్ళు తడిపే మొక్కల బారులు, పక్కనే నీటి గుంటలు. అల్లాంటి చోట ఒక పూట కూర్చుంటే చాలు.

నీటిలో బాల్యం

తూనీగ నీటిమీద ఎగురుతూ తోక కొసను చటుక్కున ముంచి లేపటం మీరు చూసే వుంటారు. పిల్లలు అది నీళ్ళు తాగుతోందనుకుంటారు. తాగటం కాదు, గుడ్లు పెట్టటం. ఆ గుడ్డులోంచి వచ్చే పిల్లకు ఎగిరే రెక్కలు వుండవు. బురద రంగు, ఆరు కాళ్ళు, చూడటానికి ఏమంత ముచ్చటగా వుండదు. దాని మొప్పలు పేగు చివర లోపల వుంటాయి. అక్కడికి పీల్చిన నీటిని ఒక్క తోపున వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. కింది పెదవిని మడిచిన చెయ్యిలాగా మొహం కింద దాచుకుని, దోమపిల్ల అందేంత దూరంలోకి రాగానే చాచి పట్టుకుంటుంది.

జాతిని బట్టి కొన్ని వారాలో, కొన్ని నెలలో ఇల్లా గడిచాక, ఒక రాత్రి గాని, తెల్లవారుజామున గాని అది వరిదుబ్బు పట్టుకునో, తూటికాడ పట్టుకునో పైకి పాకుతుంది. వీపు చీలుతుంది. లోపలినుంచి పాలిపోయిన మెత్తటి తూనీగ బయటికి వచ్చి, నలిగిన గుడ్డలాంటి రెక్కలను మెల్లిగా సాగదీసి ఆరబెట్టుకుంటుంది. ఆ కాసేపూ అది ఎగరలేదు. ఫొటోకు అంతకన్నా మంచి అదను లేదు. కాని ఆ సమయంలో ముట్టుకుంటే రెక్క వంకరపోతుంది, ఇక జన్మలో ఎగరదు. కాండానికి అంటుకుని ఎండిన ఒట్టి పెంకులు కనబడితే, మర్నాడు తెల్లవారకముందే అక్కడికి వెళ్ళి చూడండి.

ఈ కులం మనకంటే చాలా పాతది. సుమారు ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం తూనీగల దూరపు చుట్టాలు రెక్క కొసనుంచి రెక్క కొసకు రెండడుగుల పైచిలుకు వుండేవని రాళ్ళలో దొరికిన ముద్రలు చెబుతున్నాయి. అంతటి దాన్ని ఫొటో తీయాలంటే మాక్రో లెన్సు అవసరమే వుండేది కాదు!

పెరట్లోకి వచ్చే వారు

నూతి గట్టుమీదా, ప్రహరీ గోడమీదా బూడిద రంగు చారలతో అచ్చం రాతి ముక్కలాగా అంటుకుని ఒక తూనీగ కూర్చుంటుంది. కదిలేదాకా కనబడదు. నూతుల్లో, సిమెంటు తొట్లలో పుట్టి పెరిగే రకం అది. ఎర్ర మిరపపండులాగా వొళ్ళంతా ఎరుపెక్కి చెరువు గట్టున కూర్చునేది మగది. దాని ఆడది పసుపు రంగు. రెండూ ఒకటే జాతి అంటే ఒక పట్టాన నమ్మలేరు. లేతాకుపచ్చా నలుపూ కట్లు కట్లుగా, నడుము సన్నగా వున్నది కనబడితే అది పరమ దుడుకుది. సీతాకోకచిలుకనూ, సాటి తూనీగనూ కూడా పట్టి తింటుంది. అది భోంచేస్తూండగా దగ్గరకు వెళ్ళటం తేలిక. ఆకలి తీరే వేళ ఎవరికైనా కాస్త ధ్యాస తగ్గుతుంది.

సార్వా చేల గట్లమీద, రెక్కలు సగందాకా నల్లగా వుండి దాని పక్కన తెల్లటి పట్టీ వున్నది ఒకటి తిరుగుతుంది. రెక్కలనిండా పసుపు, ముదురు గోధుమ మచ్చలతో సీతాకోకచిలుకేమో అని భ్రమ కల్పించేది మరొకటి. మురుగునీటి దగ్గర నారింజ రంగు రెక్కలది గుంపులు గుంపులుగా వుంటుంది. మురికిని అది ఓర్చుకుంటుంది, తక్కినవి అంతగా ఓర్చుకోలేవు. ఒక కుంట దగ్గర ఎన్నిసార్లు చూసినా అదొక్కటే కనబడుతూంటే, ఆ నీటి సంగతి కాస్త ఆలోచించవలసిందే.

ఇక సూదుల్లాంటి సన్నవి వేరే. తూనీగ కూర్చున్నప్పుడు రెక్కలు చాచి వుంచుతుంది, ఈ సన్నవి చాలావరకు వీపుమీదకు మూసుకుంటాయి. వాటిలో పసుపుపచ్చగా మెరిసే ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సీరియాగ్రియాన్ కోరమాండెలియానం. 1798లో ఫాబ్రీషియస్ అనే పండితుడు మన తూర్పు తీరానికి యూరపువాళ్ళు పెట్టిన కోరమాండల్ పేరే దానికీ పెట్టాడు. మీ పెరట్లో కుండీ అంచున కూర్చున్న పురుగు ఇంటిపేరుతో సహా మన వైపుదేనన్నమాట.

తొలకరినుంచి ఆకాశంలో గుంపులుగా తిరిగే బంగారు రంగు తూనీగలను చూసి, "కిందుగా ఎగురుతున్నాయి, వాన వస్తుంది" అంటారు పెద్దలు. పాంటాలా అనే ఈ రకం ఎక్కడి వానను వెతుక్కుంటూ ఎక్కడిదాకా వెళుతుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. మాల్దీవుల్లో చిరకాలం వున్న చార్లెస్ ఆండర్సన్ అనే సముద్రజీవ శాస్త్రజ్ఞుడు, ఏటా అక్టోబరు ప్రాంతాన ఆ దీవులకు లక్షలాదిగా తూనీగలు రావటం గమనించాడు. పైన నిలిచే మంచినీరు దాదాపు లేని ఆ దీవుల్లో అవి పుట్టి వుండటానికి వీల్లేదు. అవి మన దేశంనుంచి గాలివాటున బయలుదేరి సముద్రంమీదుగా తూర్పు ఆఫ్రికాకు వెళుతున్నాయని, పిల్లల తరం, మనవల తరం తిరిగి వస్తున్నదని ఆయన 2009లో ప్రకటించాడు. రెండంగుళాల ప్రాణి, వేల కిలోమీటర్ల సముద్రం! దీన్ని ఎగిరేటప్పుడు ఫొటో తీయాలని చూడకండి. అలసి ఏ కొమ్మకో నిలువుగా వేలాడుతూ కనబడ్డప్పుడు తీయండి.

దగ్గరకు వెళ్ళే విద్య

తూనీగ కన్ను ఒక్కటి కాదు. పెద్ద జాతుల్లో ఒక్కొక్క కంటిలో ముప్పైవేలదాకా చిన్న చిన్న కళ్ళు కూర్చి వుంటాయి. పైనా, కిందా, పక్కలా అన్నీ దానికి తెలుస్తూనే వుంటాయి. బోనుల్లో వదిలి గమనించిన పరిశోధకులు, అది గురిపెట్టిన పురుగు నూటికి తొంభైసార్లకు పైగా దొరికిపోతుందని లెక్కకట్టారు. అంత చూపున్నదాన్ని మోసం చెయ్యలేం. భయపెట్టకుండా వుండటమే మనం చెయ్యగలిగింది.

దానికి ఎక్కువగా కనబడేది కదలిక, అందులోనూ అడ్డంగా కదిలే కదలిక. అందుకని పక్కలకు వూగకుండా, తిన్నగా, నెమ్మదిగా, వొంగి వెళ్ళాలి. మీ నీడ దానిమీద పడకూడదు. పడిందా, పని అయిపోయినట్టే. మూడు బారల దూరంనుంచే ఒక ఫొటో తీసిపెట్టుకోండి. తరువాత ఒక అడుగు, ఒక ఫొటో. అది తల ఇటూ అటూ తిప్పటం మొదలుపెడితే ఆగిపోండి. తల తిప్పటం మానాక మళ్ళీ కదలండి.

ఎగిరిపోయిందా? విచారించకండి, అక్కడే వుండండి. చాలా రకాలు వేటకు ఎగిరి, పురుగును నోట కరుచుకుని మళ్ళీ అదే పుల్లమీద వచ్చి వాలతాయి. కొత్తవాళ్ళు తూనీగ వెనక పెరడంతా పరుగెడతారు. తెలిసినవాళ్ళు పుల్ల పక్కన కూర్చుంటారు. పుల్ల లేకపోతే మీరే పాతండి. తొట్టి పక్కన ఎండు వెదురుపుల్ల ఒకటి, వెనక పదడుగులదాకా ఏమీ లేకుండా చూసి గుచ్చితే, రెండు రోజుల్లో అది ఎవరిదో ఒకరి సొంత ఆసనమైపోతుంది.

వేళ మాటకు వస్తే, పొద్దు పొడవకముందు నుంచి బారెడు పొద్దెక్కేదాకా మేలైన సమయం. తూనీగకు తనంతట తనకు వొంటి వేడి తక్కువ. రాత్రి చల్లబడి, గడ్డిమీద పట్టుకుని వున్నది వెచ్చబడేదాకా ఎగరలేదు. కార్తీకంనుంచి సంక్రాంతి వెళ్ళేదాకా మన వైపు మంచు బాగా పడుతుంది గదా, ఆ రోజుల్లో రెక్కలనిండా, కళ్ళమీదా మంచు బిందువులు ముత్యాలు గుచ్చినట్టు వుంటాయి. మిట్టమధ్యాహ్నం మరొక వింత చూడవచ్చు. ఎండ భరించలేక కొన్ని రకాలు తోకను సూర్యుడివైపు నిలువుగా ఎత్తి శీర్షాసనం వేసినట్టు నిలబడతాయి. వొంటిమీద పడే ఎండ తగ్గించుకునే ఉపాయం అది. సాయంత్రం సముద్రపు గాలి మొదలైతే పుల్ల వూగుతుంది, ఇక కెమేరా సంచిలో పెట్టుకోవటమే మంచిది.

కెమేరా సంగతి

ఖరీదైన సామాను లేనిదే పని జరగదనుకోకండి. చేతిలో ఫోను వున్నా చాలు. దానికి తగిలించే చిన్న భూతద్దాలు దొరుకుతున్నాయి. కాకపోతే వాటితో పురుగుకు రెండు మూడంగుళాల దగ్గరకు వెళ్ళాలి గనక, మంచు కాలపు ఉదయాల్లో, సన్నరకాలకు మాత్రమే ఉపయోగం. లెన్సులు మార్చే కెమేరా వుంటే నూరు మిల్లీమీటర్ల మాక్రో లెన్సు హాయి. అది కొనలేకపోతే దూరపు వస్తువులు తీసే 300 మిల్లీమీటర్ల లెన్సు వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబు అమర్చుకోండి. అది అద్దం లేని ఒట్టి గొట్టం, ధర తక్కువ. నాలుగైదడుగుల దూరంలో నిలబడే తూనీగ ఫొటో తీయవచ్చు.

దగ్గరకు వెళ్ళినకొద్దీ స్పష్టంగా వచ్చే లోతు తగ్గిపోతుంది. వస్తువు ఎంత వుందో అంతే సైజులో తీస్తే, ఎఫ్ 8 దగ్గర ఆ లోతు సుమారు ఒక మిల్లీమీటరు. కన్ను స్పష్టంగా వస్తే తోక మసక, తోక వస్తే కన్ను మసక. సగం సైజుకు తగ్గి ఎఫ్ 11 పెడితే నాలుగు మిల్లీమీటర్లు దొరుకుతాయి. అందుకని రెండు సూత్రాలు జ్ఞాపకం పెట్టుకోండి. కెమేరా వెనకభాగం తూనీగ వొంటికి సమానాంతరంగా వుండాలి; పక్కనుంచి తీస్తే తలనుంచి తోకదాకా ఒకే తలంలో వుంటుంది. అది కుదరకపోతే కళ్ళు స్పష్టంగా వచ్చేట్టు చూడండి. కళ్ళు బాగా వచ్చిన ఫొటోలో తక్కినది మసకైనా చూసేవాళ్ళు క్షమిస్తారు.

షట్టరు సెకనుకు 250వ వంతుకు తగ్గకుండా వుంచండి. దగ్గరలో లెన్సు తిప్పుతూ స్పష్టత వెతకటం కంటె, లెన్సును ఒకచోట నిలిపి, మీ వొంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుకోవటం తేలిక. ఫ్లాషు వాడితే ముందు తెల్లకాగితమో, పలచటి తెల్లగుడ్డో అడ్డం పెట్టండి. లేకపోతే కళ్ళమీద తెల్లటి చుక్కలు పడి, రంగంతా చెడుతుంది.

తొట్టి, దోమలు, ఇంటి పెద్దలు

పెరట్లో కుంట లేనివాళ్ళు ఒక సిమెంటు తొట్టి పెట్టి, అడుగున మట్టి పోసి, ఒక కలువ దుంప నాటుకోవచ్చు. ఒక పక్క ఎండ తగలాలి, పాకి పైకి రావటానికి నిలువు కాడలు వుండాలి. చేపలు వదలకండి, అవి తూనీగ పిల్లలను కూడా తింటాయి.

ఇక్కడ ఇంట్లో పెద్దావిడ అడ్డు తగులుతుంది. "తొట్టిలో నీళ్ళు నిలవపెడితే దోమలు రావుటమ్మా? డెంగీ రోజులు!" అంటుంది. ఆ మాట కొట్టివెయ్యదగింది కాదు. తూనీగ పిల్ల దోమపిల్లలను తింటుందన్నది నిజమే, కాని అది తొట్టిలోకి వచ్చి పెరిగేదాకా దోమ ఆగదు. కనక నాలుగు రోజులకొకసారి తెల్లటి గిన్నెతో నీళ్ళు ముంచి చూడండి. దోమపిల్లలే ఎక్కువగా వుంటే ఆ నీళ్ళు నేలమీద పారబోసి తొట్టి రుద్ది కడగండి. తూనీగ పిల్లలు వుండి, దోమపిల్లలు లేవనుకోండి, ఆ గిన్నెను పెద్దావిడకే చూపించండి. ఫొటో సంగతి ఎల్లా వున్నా, దోమలను తినే జీవమంటే ఆవిడ తప్పక మీ పక్షానికి వస్తుంది.

చెయ్యకూడని పని

కొందరు తూనీగను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, బిగుసుకుపోయాక పువ్వుమీద నిలబెట్టి ఫొటో తీస్తున్నారు. తీరా చూస్తే ఆ తూనీగ కూర్చున్న తీరు అసహజంగా వుంటుంది, కాళ్ళు ఆనవలసిన చోట ఆనవు. తెలిసిన కన్ను ఇట్టే పట్టేస్తుంది. పట్టకపోయినా సరే, ఆ పని చెయ్యకండి. రెక్కలు వచ్చాక సామాన్యంగా వాటి బతుకు కొద్ది వారాలు. అందులో ఒక పూట మన సరదాకు చెల్లిపోనివ్వటం న్యాయం కాదు. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరేసే ఆటా అల్లాంటిదే. వాళ్ళను కోప్పడితే చాటుగా కడతారు. ఫోను చేతికిచ్చి, "రెక్కమీద మచ్చ కనబడేట్టు తియ్యి చూద్దాం" అనండి. దారం సంగతి వాళ్ళే మరిచిపోతారు.

ఫొటోకు మరొక పెద్ద ప్రయోజనం వున్నది. చచ్చిన తూనీగ రంగు నిలవదు. కళ్ళలో ఆ మెరుపు పోయి, వొంటి రంగు గోధుమగా మారుతుంది. భారతదేశపు తూనీగలమీద ఫ్రేజర్ అనే సైనిక వైద్యుడు 1933, 34, 36 సంవత్సరాల్లో మూడు సంపుటాలు ప్రకటించాడు. ఈనాటికీ పరిశోధకులు దాన్ని తెరవవలసిందే. ఆ రోజుల్లో పట్టి, చంపి, సూది గుచ్చి చూడటమే దారి. ఇప్పుడు సుబ్రహ్మణియన్ గారు 2009లో రాసిన పుస్తకంవంటివి బొమ్మలతో సహా వచ్చాయి. బతికి వున్న రంగును బతికి వుండగానే పట్టి దాచేది మాత్రం మీ కెమేరా.

దాచవలసిన అవసరం కూడా వచ్చింది. పూర్వం లోగిలిలోనే నుయ్యి వుండేది. కుళాయీ, బోరూ వచ్చాక చాలాచోట్ల నూతులు పూడ్చేశారు. ఆ రాతిరంగు తూనీగకు ఒక పురుడిల్లు పోయింది. కుంటలు ఇళ్ళ స్థలాలవుతున్నాయి. చేలో కొట్టిన పురుగుమందు దోమపోటు తెచ్చే దోమనూ, దాన్ని వరిదుబ్బుల అడుగున వెతికి తినే అంగుళమైనా లేని సన్న తూనీగనూ ఒకే తీరున చంపుతుంది. దోమ తొందరగా తిరిగివస్తుంది. రైతుకు కూలి అడగకుండా కాపలా కాసినది అంత తొందరగా తిరిగిరాదు. ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది అక్కడ వున్నట్టే ఎవరూ రాసిపెట్టలేదు.

కనక ఫొటో తీసిన ప్రతిసారీ నాలుగు మాటలు ఒక పుస్తకంలో రాసుకోండి: తేదీ, వూరు, ఏ నీటి దగ్గర, ఎన్ని కనబడ్డాయి. ఐనాచురలిస్ట్‌వంటి చోట్లకు పంపితే, తెలిసినవాళ్ళు జాతి పేరు చెబుతారు, మీ చెరువు పేరు లెక్కలోకి ఎక్కుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఏవి మిగిలాయి, జూన్‌లో నీళ్ళు వదిలాక ఏవి ముందు వచ్చాయి అన్నది రెండేళ్ళు వరసగా రాస్తే, మీ వూరి తూనీగల సంగతి మీకన్నా తెలిసినవాళ్ళు వుండరు. ఫొటోలు అన్నీ అందంగా రానక్కరలేదు. మసకగా వచ్చినదాన్ని కూడా తేదీ వేసి దాచండి. పక్కింటాయన మళ్ళీ తొంగిచూసి ఏం వెతుకుతున్నారని అడిగితే, ఒక గిన్నెడు తొట్టి నీళ్ళు ఆయనకూ చూపించండి.